చట్టమును చిన్న జవాను చేతికిచ్చిన అధికారి: సెసిల్ మొరియార్టీ జీవితము

ఈ మాసపు ధ్యాన భాగములు: అపొస్తలుల కార్యములు 22:22–29; లూకా 3:10–14



యెరూషలేము కోటలో పౌలును కొరడాలతో కొట్టుటకు వారులతో కట్టిన సంగతి మీరెరిగినదే. అతడెవరో, ఏ నేరము చేసెనో తెలిసికొన్నవాడు అక్కడ ఒక్కడును లేడు. గుంపు కేకలు వేయుచున్నది గనుక ముందు కొట్టించి, తరువాత సంగతి రాబట్టవచ్చునని సహస్రాధిపతి తలంచెను. అప్పుడు పౌలు దగ్గర నిలిచియున్న శతాధిపతిని ఒక ప్రశ్న అడిగెను. విచారణ జరుగక మునుపే రోమా పౌరుని కొట్టుటకు మీకు చట్టములో చోటున్నదా అని ఆ ప్రశ్నకు భావము. ఆ ప్రశ్నతో కొరడా ఆగెను. శతాధిపతి పై అధికారి యొద్దకు పరుగెత్తెను, పై అధికారికి భయము పుట్టెను. ఆ దినమున పౌలు వీపును కాపాడినది చట్టములోని ఒక మాట. అది పౌలునకు తెలిసియుండెను గనుక సరిపోయెను. కట్టబడినవాడు ఏమియు ఎరుగని కూలివాడైన యెడల ఏమి జరిగియుండును? కొరడా పట్టినవానికే ఆ మాట ముందుగా తెలిసియుండిన యెడల, కట్టబడినవాడు అడుగనక్కరలేకయే పని ఆగియుండును గదా.

ఈ పుటలలో మేము సాధారణముగా మిషనరీల జీవితములను, బైబిలు తర్జుమా చేసినవారి జీవితములను వ్రాయుచుందుము. ఈ మాసము ఒక పోలీసు అధికారి జీవితమును వ్రాయుచున్నాము. సంఘ పెద్దలలో కొందరు, ఠాణా సంగతులు సంఘ పత్రికలో ఎందుకని అడుగవచ్చును. కొరడా పట్టినవానికి చట్టము ముందుగా తెలిసియుండవలెనన్న పనికే ఈయన తన జీవితములో చాల భాగము వెచ్చించెను. అందుచేతనే ఈయనను ఎంచుకొంటిమి.

సెసిల్ చార్లెస్ హడ్సన్ మొరియార్టీ 1877వ సంవత్సరమున ఐర్లండు దేశపు కెర్రీ మండలములో జన్మించెను. అది ఆ దేశమునకు నైరుతి మూల, సముద్రమునకు ఆనుకొనియున్న కొండల సీమ. అప్పటికి ఐర్లండు అంతయు బ్రిటిషు ప్రభుత్వము క్రింద నుండెను. ఆయన డబ్లిన్ నగరమందలి ట్రినిటీ కళాశాలలో చదివెను. అది 1592లో స్థాపింపబడిన పాత విద్యాలయము. షెర్లాక్ హోమ్సు కథలు చదివినవారికి మొరియార్టీ అనగానే దొంగలందరికి గురువైన ప్రొఫెసరు జ్ఞాపకము వచ్చును. ఆ కథలోని ప్రొఫెసరు 1893లో అచ్చులోనికి వచ్చినప్పుడు మన మొరియార్టీకి పదునారేండ్లు. ఇంగ్లాండు పోలీసులకు ఆ పేరే తరువాత చట్టమునకు మారుపేరు కావలసియుండెను.

చదువుకొను దినములలో ఆయన రగ్బీ ఆటగాడు. ఈ ఆట మన పల్లెలలో లేదు గనుక కొంచెము చెప్పవలెను. పక్షమునకు పదునైదుగురు. బంతి గుండ్రముగా నుండక కోడిగ్రుడ్డువలె కోలగా నుండును. దానిని చేతులతో పట్టుకొని పరుగెత్తవచ్చును గాని ముందున్నవానికి విసరకూడదు, ప్రక్కకో వెనుకకో మాత్రమే అందింపవలెను. బంతి పట్టినవానిని ఎదుటి పక్షమువారు చెడుగుడులో కూత పెట్టి వచ్చినవానిని పట్టినట్లు నడుము పట్టి పడవేయుదురు. ఆ పదునైదుగురిలో ఎనమండుగురు ముందు వరుసల బలశాలులు. వారు తలలు వంచి, భుజము భుజము కలిపి, కాడి క్రింది ఎద్దులవలె ఎదుటివారిని నెట్టవలెను. బంతి వారి కాళ్ల మధ్యనుండి వెనుకకు వచ్చును, వెనుకనున్నవాడు దానిని పట్టుకొని పరుగెత్తి పేరు తెచ్చుకొనును. నెట్టినవాని ముఖము బురదలోనే యుండును. మొరియార్టీ అట్టి ముందు వరుసవాడు.

1899వ సంవత్సరము ఐర్లండు రగ్బీకి గొప్ప సంవత్సరము. ఫిబ్రవరిలో వారు ఇంగ్లాండును 6–0 తోను, స్కాట్లండును 9–3 తోను ఓడించిరి. మిగిలినది వేల్సు. ఆ మూడు దేశములను ఒకే ఏట ఓడించినవారికి ట్రిపుల్ క్రౌన్, అనగా మూడు కిరీటముల గౌరవము, దక్కును. మార్చి 18న వేల్సులోని కార్డిఫ్ నగరములో ఆ ఆట జరిగెను. ఇరువది రెండేండ్ల మొరియార్టీని ఐర్లండు పక్షమున ఆడుటకు మొదటిసారి పిలిచిరి. ఆ దినమున చూడవచ్చినవారు సుమారు నలుబది వేలు. మైదానము వారికి చాలలేదు. జనము గీతలు దాటి ఆట స్థలములోనికే పొంగివచ్చెను. పోలీసులు వారిని ఆపలేకపోయిరి, ఆట మధ్యలో నిలిపివేసి జనమును వెనుకకు నెట్టవలసి వచ్చెను. తరువాతి కాలమున ఒక మహానగరపు జనసమూహములను అదుపులో పెట్టవలసిన యువకుడు ఆ గుంపు నడుమనే నిలిచియుండెను. ఐర్లండు ఒక్క ట్రై చేసి 3–0 తో గెలిచెను, కిరీటము వారికి దక్కెను. మొరియార్టీకి దేశము పక్షమున అదే మొదటి ఆట, అదే చివరి ఆట. ఆడినది ఒక్కటే అయినను, దేశపు ఆట చరిత్రలో చెప్పుకొను దినమున ఆడెను.

1902లో ఆయన రాయల్ ఐరిష్ కాన్‌స్టాబ్యులరీ అను పోలీసు దళములో అధికారి శిక్షణకు చేరెను. ఈ దళమును గూర్చి నిలిచి చెప్పవలెను, ఏలయనగా మన ప్రాంతపు పోలీసు చరిత్రకును దీనితో సంబంధమున్నది. దళములో సుమారు పదివేల మంది. వారు తుపాకులు ధరించి, ఊరూర చిన్న బారకాసులలో కాపురముండిరి. సామాన్య జవానులలో ఎక్కువమంది కతోలికులైన రైతుల బిడ్డలు, అధికారులలో ఎక్కువమంది ప్రొటెస్టంట్లు. ఏ జవానుకును స్వంత మండలములో ఉద్యోగమియ్యరు, బంధువులున్నచోట చేయి వణకునని ఏర్పాటు.

ఆ దేశములో భూమి పెద్ద భూస్వాములది, సాగు కౌలుదార్లది. కౌలు చెల్లింపలేని కుటుంబమును ఇంటినుండి వెళ్లగొట్టుటకు భూస్వామి మనుష్యులు వచ్చినప్పుడు, వారికి కాపుగా ఈ పోలీసులే నిలిచిరి. వర్షములో పిల్లలను, కుండలను, మంచమును వీధిలో పెట్టి తలుపు మూయుచుండగా, మరియొక మండలపు రైతు బిడ్డయే తుపాకితో కాపలా. 1903లో వచ్చిన భూమి చట్టము కౌలుదార్లు ప్రభుత్వపు అప్పుతో తమ పొలములను తామే కొనుటకు దారి తెరచెను గాని, ప్రజల మనస్సులోని పాత గాయము మానలేదు. ఐర్లండువారిలో అనేకులకు ఆ దళము పరదేశ ప్రభుత్వపు చేయిగానే కనబడెను. మొరియార్టీ పదునారేండ్లు ఆ దళములో పనిచేసినవాడు. ఆయనను మెచ్చుకొనుచు వ్రాయువారు ఈ సంగతిని దాచకూడదు.

ఇప్పుడు మన సీమ సంగతి. మద్రాసు రాజధానిలో, అనగా మన కోస్తా, రాయలసీమ జిల్లాలు కూడ చేరియున్న ఆ ప్రాంతములో, పన్ను వసూలు చేయు తాలూకా బంట్రోతులే దొంగలను పట్టు పనియు చేయుచుండిరి. పన్నుకైనను, నేరము ఒప్పించుటకైనను వారి పద్ధతి ఒక్కటే. మనుష్యుని నడుము వంచి ఎండలో నిలబెట్టి వీపుమీద రాయి పెట్టుదురు, వ్రేళ్లను కర్రల మధ్య నొక్కుదురు. దీని మీద నియమింపబడిన కమిషను 1855లో తన నివేదికను అచ్చువేసెను, చదివినవారు నివ్వెరపోయిరి. ఆ తరువాత పన్ను పనిని, పోలీసు పనిని వేరుచేసి 1859లో మద్రాసు పోలీసు చట్టము చేసిరి. 1861లో దేశమంతటికి పోలీసు చట్టము వచ్చెను. క్రొత్త దళమునకు వారు మాదిరిగా తీసికొన్నవాటిలో ఐర్లండు దళము ముఖ్యమైనది. అనగా ప్రజలలోనుండి ప్రజల సమ్మతితో నిలిచిన దళము బదులు, బారకాసులో విడిగా కాపురముండి పైనుండి ఆజ్ఞ అందుకొను దళమే మాదిరిగా మనకు వచ్చెను. మన పల్లెలలో నేటికిని ఠాణా మెట్టు ఎక్కుటకు కాళ్లు వెనుకాడుచున్నవంటే, ఆ వెనుకాటుకు నూటయరువది యేండ్లకు మించిన వేరు ఉన్నది.

1916లో డబ్లినులో ఈస్టరు వారమున తిరుగుబాటు లేచెను. 1918లో మొరియార్టీ ఐర్లండు విడిచి ఇంగ్లాండులోని బర్మింగ్‌హాము నగరమునకు అసిస్టెంటు చీఫ్ కానిస్టేబులుగా వచ్చెను. మరుసటి యేడే ఐర్లండులో స్వాతంత్ర్య యుద్ధము మొదలాయెను. ఆయన విడిచివచ్చిన దళమువారు నాలుగు వందలకు పైగా చంపబడిరి. 1920లో ఇంగ్లాండునుండి ఆ దళములోనికి చేర్చుకొన్న మాజీ సైనికులు ఇండ్లు తగులబెట్టి, ఊళ్లను బెదరించి, మానని పగను మిగిల్చిరి. ఆయన జన్మించిన కెర్రీలోనే, ట్రాలీ పట్టణములో, ఆ యేడు నవంబరులో వారు దినముల తరబడి దుకాణములు తెరవనీయక జనమును ఆకలికి మాడ్చిరి. 1922లో ఆ దళమును రద్దుచేసిరి.

బర్మింగ్‌హాము వేరొక లోకము. ఇంజనులు, మోటార్లు, తుపాకులు, గుండుసూదులు, చాక్లెట్లు, ఏమి కావలెనన్నను తయారుచేయు నగరము. 1931 లెక్కలకు జనము పదిలక్షలు దాటెను. అక్కడి కానిస్టేబులు తుపాకి లేక, ఒంటరిగా, లాఠీతోను దీపముతోను తన వీధి తిరుగును. ఇక్కడ చదువరులు పేరుచూచి పొరబడకూడదు. చీఫ్ కానిస్టేబులు అనగా జవాను గాడు, మన నగరములలో కమిషనరువలె దళమంతటికి పెద్ద. అప్పటి పెద్ద రాఫ్టరు అనువాడు, ఆయనయు ఐర్లండు దళమునుండి వచ్చినవాడే, 1899నుండి ఆ కుర్చీలో నుండెను. 1917లోనే ఇద్దరు స్త్రీలను పోలీసు పనికి నియమించినవాడాయన.

ఈ రాఫ్టరు కాలములో జరిగిన ఒక సంగతి మాకు మిక్కిలి ఇష్టమైనది. ఒక న్యాయాధిపతి యొద్ద, ఆయన పోలీసు ఒకడు ముద్దాయిని ప్రశ్నించుటకు ముందు హెచ్చరిక చెప్పినందుకు చీవాట్లు తినెను. అదే ప్రాంతములో మరియొక న్యాయాధిపతి యొద్ద, మరియొక పోలీసు ఆ హెచ్చరిక చెప్పనందుకు చీవాట్లు తినెను. చెప్పినను తప్పే, చెప్పకున్నను తప్పే! రాఫ్టరు 1906లో దేశపు ప్రధాన న్యాయాధిపతికి ఉత్తరము వ్రాసి, మా వాండ్రు ఏమి చేయవలెనో సెలవియ్యుడని అడిగెను. ఆ ఉత్తరమునుండి మొదలై, 1912లో న్యాయాధిపతులు నాలుగు నియమములు వ్రాసిరి, 1918లో అవి తొమ్మిది ఆయెను. ఒకనిమీద నేరము మోపుటకు పోలీసు నిశ్చయించుకొన్న తరువాత, అతడు ఏమియు చెప్పనక్కరలేదనియు, చెప్పినది కోర్టులో సాక్ష్యము కావచ్చుననియు ముందు తెలియజేసిన పిమ్మటనే ప్రశ్నింపవలెను. వీటికి జడ్జీల నియమములని పేరు. మొరియార్టీ ఆ నగరమునకు వచ్చిన సంవత్సరమే ఆ తొమ్మిది నియమములు పూర్తియాయెను. గొప్పవారి సభలో పుట్టవలసిన న్యాయము, ఏమి చేయవలెనో తోచని జవానుల కొరకు అడిగిన ప్రశ్నలోనుండి పుట్టెను.

వచ్చిన మరుసటి యేడే ఆయన కఠినమైన దినములను చూచెను. పోలీసుల జీతము అనేకచోట్ల చేతిపని రాని కూలివాని కూలికంటె తక్కువగా నుండెను. యుద్ధకాలములో ధరలు రెట్టింపు కాగా, టోపీ పెట్టుకొన్నవాని ఇంట పిల్లలు పస్తుండిరి. వారు సంఘము పెట్టుకొనిరి. 1919లో ప్రభుత్వము ఒక చేత మంచి చేసెను, ఒక చేత కొట్టెను. డెస్‌బరో అను ప్రభువు కమిటీ సలహాపై కానిస్టేబులు జీతము వారమునకు డెబ్బది షిల్లింగులు మొదలుగా పెంచిరి. అయితే చట్టముచేసి వారి సంఘమును నిషేధించిరి. ఆగస్టు మొదటి తేదీన కొన్ని నగరములలో పోలీసులు పని మానిరి. దేశమంతటిలో రెండువేల మూడువందలకు పైగా, బర్మింగ్‌హాములో నూట పందొమ్మండుగురు. అందరిని పనిలోనుండి తీసివేసిరి. పింఛను పోయెను. ఒక్కనినైనను తిరిగి చేర్చుకొనలేదు.

లూకా సువార్త మూడవ అధ్యాయములో బాప్తిస్మమిచ్చు యోహాను సైనికులకు చెప్పిన బుద్ధి మనకు తెలియును. ఎవరిని బెదరించి సొమ్ము లాగవద్దు, వచ్చిన జీతముతో తృప్తిపడుడని. ఈ వాక్యమును మనము లంచగొండి జవానుకు చదివి వినిపించుటకు త్వరపడుదుము. దానిని జీతమిచ్చువానికి చదివి వినిపించువారు తక్కువ. కడుపు నిండని జీతమిచ్చి తృప్తిపడుమని చెప్పువాడు యోహాను మాటను సగమే విన్నవాడు. కోతవారి కూలి బిగబట్టినవారిని గూర్చి యాకోబు పత్రిక అయిదవ అధ్యాయము ఏమనుచున్నదో అదియు చదువవలెను. పోలీసు పని మానిన రాత్రి దొంగలు దుకాణములు కొల్లగొట్టిరి, లివర్‌పూలులో అదియే జరిగెను. కాబట్టి పని మానుట మంచిదని మేమనము. అయినను, ఆ జీతపు పెంపుకు అంతకుముందటి వారి మొర కారణము కాగా, ఆ నూట పందొమ్మండుగురి భార్యాబిడ్డలు దానిలో పాలులేక పోయిరి. తీసివేసిన యంత్రాంగములో మొరియార్టీ రెండవ స్థానమున నుండెను.

ఇప్పుడు ఆయన పేరు నిలిపిన పనికి వచ్చుచున్నాము. ఇంగ్లాండులో మనకున్నట్లు నేరములన్నిటిని ఒక్క పుస్తకములో కూర్చిన శిక్షాస్మృతి లేదు. ఒక నేరము అయిదు వందల యేండ్ల నాటి తీర్పులో, మరియొకటి 1824నాటి చట్టములో, మూడవది నిన్నటి చట్టములో. వీధి తిరుగు కానిస్టేబులు ఇవన్నియు ఎరుగవలెను, ఎరుగకున్న వాని తలమీదికే వచ్చును. ఎట్లనగా, 1930లో ఓల్డ్‌హాము పట్టణపు పోలీసులు ఒక మనుష్యుని మరియొకడనుకొని పట్టుకొనిరి. అతడు పట్టణ సభమీద దావా వేసెను. కానిస్టేబులు సభకు పనివాడు కాడు, అతని అధికారము చట్టము నేరుగా అతనికిచ్చినది, కాబట్టి సభ జవాబుదారి కాదని కోర్టు తీర్పు చెప్పెను. 1964లో చట్టము మారువరకు, తప్పు అరెస్టుకు నష్టపరిహారము చెల్లింపవలసినవాడు ఆ జవానే. అంతటి భారము మోయువానికి చదువు ప్రాథమిక పాఠశాల మట్టుకే.

మొరియార్టీ 1929లో పోలీసు చట్టము అను పుస్తకమును అచ్చువేయించెను. వకీలు పుస్తకములు వకీళ్లకొరకు వ్రాయబడినవి, ఇది వీధిలో నిలిచినవానికొరకు. దొంగతనమనగా ఏమి, ఏయే అంశములున్న దొంగతనమగును. వారంటు లేకుండ ఎవరిని పట్టుకొనవచ్చును, ఎవరిని పట్టుకొనరాదు. ఇంటిలోనికి ఎప్పుడు వెళ్లవచ్చును. త్రాగినవానిని, పిచ్చివానిని, తప్పిపోయిన పిల్లవానిని, కుక్కను, బండిని, జూదమును, సారా అంగడిని ఏమి చేయవలెను. ఆ కాలమున ఇంగ్లాండులో నేరములు రెండు తెగలు, పెద్దవి, చిన్నవి. పెద్ద నేరము చేసెనని సహేతుకమైన అనుమానమున్న వారంటు లేక పట్టవచ్చును. చిన్న నేరమైతే, చట్టము ప్రత్యేకముగా సెలవిచ్చిననే తప్ప, పట్టరాదు. ఈ గీత ఎక్కడున్నదో తెలియని జవాను చేతిలో ప్రతి బీదవాడు ఖైదీయే. 1967లో ఆ రెండు తెగల భేదమును తీసివేసిరి.

బీదవానిమాట వచ్చెను గనుక చెప్పుచున్నాము. ఆ 1824నాటి దేశదిమ్మరుల చట్టము ప్రకారము ఇల్లులేక చెట్టు క్రింద పండుకొన్నవానిని, అనుమానముగా తిరుగువానిని పట్టవచ్చును. ధనవంతుడెవడును ఆ చట్టము క్రింద చిక్కడు. పుస్తకము చట్టమును మార్చలేదు, మార్చు అధికారము మొరియార్టీకి లేదు. చట్టము కఠినముగానున్నచోట పుస్తకము కఠినమునే స్పష్టముగా చెప్పును. చట్టము మెత్తబడినప్పుడు ఆ మెత్తదనమును కూడ వీధిలోనికి మోసికొనిపోవును. 1933లో పిల్లల చట్టము వచ్చి, ఏడేండ్ల బిడ్డను నేరస్థునిగా ఎంచు పాత వయస్సును ఎనిమిదికి మార్చి, పదునెనిమిదేండ్లలోపువారికి మరణశిక్ష తీసివేసినది. అట్టి మార్పులు వచ్చినప్పుడెల్ల పుస్తకమును తిరుగ వ్రాయవలెను. క్రొత్త కూర్పులు ఒకదాని వెంట ఒకటి వచ్చెను. హెడ్డు పదవికి పరీక్ష వ్రాయు జవానులు దానిని కంఠస్థము చేసిరి. మొరియార్టీ ఏమనుచున్నాడు అని వారనుకొన్నప్పుడు, అది మనుష్యుని గూర్చి కాదు, పుస్తకమును గూర్చి. నెహెమ్యా గ్రంథము ఎనిమిదవ అధ్యాయములో ఎజ్రా ధర్మశాస్త్రము చదువగా లేవీయులు జనుల మధ్య నిలిచి అర్థము విప్పి చెప్పిరి. ఎజ్రాను అందరు ఎరుగుదురు గాని, అర్థము చెప్పిన లేవీయుల పేర్లు ఆ అధ్యాయములో వరుసగా నున్నను ఒక్కరిదైనను మనకు నోటికి రాదు.

మన దేశములో పోలీసునెదుట ఒప్పుకొన్న నేరము కోర్టులో సాక్ష్యముగా చెల్లదు. 1872నాటి సాక్ష్య చట్టము 25వ సెక్షను ఆ మాట చెప్పెను, 2024 జూలై మొదటి తేదీనుండి అమలులోనికి వచ్చిన క్రొత్త సాక్ష్య చట్టములో 23వ సెక్షను దానినే నిలిపియుంచెను. ఫిర్యాదు వ్రాసికొన్న తరువాత దాని నకలు ఉచితముగా ఇయ్యవలెననునది కూడ చట్టమే. మేము సంఘస్థులతో కూడ ఠాణా వరండాలో నిలిచిన దినములున్నవి. నకలు మాట మెల్లగా ఎత్తినప్పుడు కొన్నిసార్లు కుర్చీ చూపబడెను, కొన్నిసార్లు విసుగు చూపబడెను. విసుగు చూపినవానిలో దుర్మార్గముకంటె తెలియనితనమే ఎక్కువగా మాకు కనబడెను.

1935లో రాఫ్టరు పదవిలో నుండగనే మరణించెను. పదునేడేండ్లు రెండవ స్థానమున నుండిన మొరియార్టీ ఏబది యెనిమిదవ యేట చీఫ్ కానిస్టేబులాయెను. నాలుగేండ్లకే పాత ఐర్లండు గాయము ఆయన వాకిటికి వచ్చెను. 1939 జనవరినుండి ఐర్లండు విప్లవ సేన ఇంగ్లాండు నగరములలో బాంబులు పేల్చసాగెను, బర్మింగ్‌హాము ప్రాంతమును విడువలేదు. ఆగస్టు 25న దగ్గరి కోవెంట్రీ నగరములో ఒక సైకిలు బుట్టలోని బాంబు పేలి అయిదుగురు మరణించిరి. ఆ కేసులో ఇద్దరిని 1940 ఫిబ్రవరి 7న బర్మింగ్‌హాము జైలులో ఉరితీసిరి. బాంబును స్వయముగా అక్కడ పెట్టినవాడు పట్టుబడనే లేదు. ఆ నగర పోలీసుల పెద్ద ఒక కెర్రీ మనుష్యుడు, ఉరి తీయబడినవారును ఐర్లండువారే.

అప్పటికి ప్రపంచ యుద్ధము వచ్చియుండెను. 1940 జూనులో ఇటలీ యుద్ధములో దిగగా, ఏండ్లతరబడి ఇంగ్లాండు వీధులలో ఐసుక్రీము అమ్ముకొని బ్రదుకు ఇటలీవారిని విచారణ లేకయే నిర్బంధింపుడని ప్రభుత్వము ఆజ్ఞాపించెను. పోలీసులే వెళ్లి తలుపు తట్టిరి. చట్టమును ఎంత చక్కగా ఎరిగియున్నను, చట్టమే విచారణను ప్రక్కన పెట్టిన దినమున ఎరిగినవాడు ఏమి చేయగలడు? దానియేలు కాలపు రాజును తాను చేసిన శాసనమే కట్టివేసెను గదా.

ఆగస్టునుండి విమానములు వచ్చెను. నవంబరు 7న సెయింట్ ఫిలిప్స్ పెద్ద గుడి కాలిపోయెను. దాని రంగు అద్దముల కిటికీలను కొన్ని వారములకు ముందే విప్పి దాచియుండుటచేత అవి మిగిలెను, నేటికిని అక్కడ చూడవచ్చును. నవంబరు 19న ఒక తుపాకుల కార్ఖానాలో రాత్రి పనివారు ఏబదిముగ్గురు మరణించిరి. మూడు రాత్రుల తరువాత నీటి గొట్టములు పగిలి, మంటలార్పుటకు నీళ్లు లేకపోయెను. యుద్ధము ముగియువరకు ఆ నగరములో బాంబులకు మరణించినవారు 2,241 మంది. ఆ చీకటి వీధులలో కానిస్టేబులు చేసిన పని ఏమనగా, పేలని బాంబు చుట్టు త్రాడు కట్టుట, కూలిన ఇంటి సొమ్మును దొంగలనుండి కాచుట, శవమెవరిదో ఆనవాలు పట్టి ఇంటివారికి కబురు చెప్పుట.

1941లో, అరువది నాలుగవ యేట, మొరియార్టీ పదవి విడిచెను. 1948లో ఐర్లండు రగ్బీ పక్షము మరల ఇంగ్లాండును, స్కాట్లండును, వేల్సును ఒకే ఏట ఓడించెను. 1899 తరువాత నలుబదితొమ్మిదేండ్లు వారికి ఆ గౌరవము దక్కలేదు. కార్డిఫులో బురదలో నెట్టిన యువకుడు అప్పటికి డెబ్బది యొక్క యేండ్ల వృద్ధుడు. ఆయన 1958లో కన్నుమూసెను.

పుస్తకము ఆయన తరువాతను ఆగలేదు. ఇతరులు దానిని సవరించి, ఆయన పేరుతోనే అచ్చువేయుచు వచ్చిరి. బర్మింగ్‌హాము నగర పోలీసు దళము 1974లో మరియొక పెద్ద దళములో కలిసిపోయెను. రాఫ్టరు ఉత్తరమునుండి పుట్టిన జడ్జీల నియమముల స్థానములో 1984లో పార్లమెంటు చట్టము చేసెను, ఆ హెచ్చరిక అందులోనికి కూడ వచ్చి నేటికిని ఇంగ్లాండు ఠాణాలలో ప్రతి ముద్దాయికి ప్రశ్నలకు ముందుగా వినిపింపబడుచున్నది.